రెండు వేళ్ళ ఎత్తు

జశ్వంత్ బండి మా షెడ్డులో టార్పాలిన్ కింద ఐదు నెలలుగా ఉంది. షెడ్డంటే పెద్దదేం కాదు. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో మేముంటున్న ఇంటి వెనక, ఒక్క కారు పట్టే రేకుల గ్యారేజీ. వారమంతా బస్సుల డిపోలో మెకానిక్కుగా చేస్తాను. శని, ఆదివారాలు తెలిసినవాళ్ళ మోటార్‌సైకిళ్ళు ఇక్కడ చూస్తాను. ఆ టార్పాలిన్‌కు నాలుగు మూలలా తాడు కట్టాను. ఇక్కడి గాలికి కట్టకపోతే ఏదీ నిలవదు. షెడ్డు లోపలికి గాలి రాదు. అయినా కట్టాను.

శనివారం పొద్దున జశ్వంత్ ఫోన్ చేశాడు.

“చిన్నాయనా, బండి అమ్మేస్తున్న. సుశీల్ అంకుల్ మరదలు రంజీత ఉంది గదా, నర్సు, ఆమె తీసుకుంటదట. జర చూసి రెడీ చేస్తవా?”

“చేస్త.”

“కాయితాలు, తాళంచెవి పట్టుకొని పదకొండుకు వస్తం. రుచిత తీసుకొస్తది.”

“రండ్రి.”

అంతే మాట్లాడుకున్నాం. ఇదివరకైతే వాడు ఫోన్ చేస్తే పెట్టేవాడు కాదు. ఆఫీసులో మేనేజరును ఎట్లా ఏడిపించిందీ, రైల్లో ఎవరు ఎవరి కాలు తొక్కిందీ అన్నీ చెప్పేవాడు. వాడు మా ఆవిడ లక్ష్మమ్మకు అక్క కొడుకు. వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ పని. మాకు రెండు స్టేషన్ల అవతల ఉంటారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాడూ, వాడి భార్య రుచితా మా ఇంట్లోనే తింటారు.

తాడు విప్పి టార్పాలిన్ తీశాను. బండి ఎట్లా పెట్టానో అట్లాగే ఉంది. ఎడమవైపు గీతలు, విరిగిన అద్దం, వంగిన క్లచ్ లివర్. ముందు మడ్‌గార్డు పైన, మధ్యలో, రెండు గుంటలు. నెలవంకల్లా ఉంటాయి. అక్కడ రంగు పోయి లోపలి ప్లాస్టిక్ తెల్లగా కనిపిస్తోంది.

ఆ గుంటల సంగతి చెప్పాలంటే అక్టోబరు నుంచి మొదలుపెట్టాలి.

వాడు సెకండ్ హ్యాండ్‌లో ఈ పెద్ద బండి కొన్నాడు. బరువైన బండి, దూరాలు పోవడానికి చేసింది. అప్పర్ హట్ దాటితే రిముటాకా కొండ రోడ్డు, అన్నీ మలుపులే. రెండు శనివారాలు పోయొచ్చి, “మలుపులల్ల ఎద్దు తిరిగినట్టు తిరుగుతుంది చిన్నాయనా. హ్యాండిల్ జర తేలిక చేస్తవా?” అన్నాడు.

ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే రెండు గొట్టాలనే ఫోర్కు అంటాం. పైన హ్యాండిల్ దగ్గర వాటిని ఒకదాని కింద ఒకటిగా రెండు బిగింపులు పట్టి ఉంచుతాయి. ఆ బిగింపులు వదులు చేసి గొట్టాలను కాస్త పైకి జరిపితే బండి ముందు భాగం ఆ మేరకు కిందికి దిగుతుంది. ఫోర్కు ఏటవాలు తగ్గి నిటారవుతుంది. హ్యాండిల్ చురుకవుతుంది. పది నిమిషాల పని.

“నెట్‌ల చూసిన. అయిదేసి మిల్లీమీటర్లు జరుపుకుంట, ప్రతిసారి నడిపి చూడాలంటున్నరు. స్కేలు తెచ్చిన,” అని వాడు జేబులోంచి స్టీలు స్కేలు తీశాడు.

నేను నవ్వాను. “మిల్లీమీటర్లు కంసాలోళ్ళకురా, మెకానిక్కులకు కాదు. మా జహంగీర్ ఉస్తాద్ రెండు వేళ్ళు పెట్టి చూసేటోడు. ఆయన చేసిన బుల్లెట్లు ఇప్పటికీ తిరుగుతున్నయి మోత్కూరుల.”

“అంతేనంటవా?”

“అంతే. స్కేలు లోపల పెట్టు, నవ్వుతరు.”

వాడు స్కేలు జేబులో పెట్టుకున్నాడు. నేను కుడివైపు రెండు వేళ్ళు, ఎడమవైపు రెండు వేళ్ళు పెట్టి చూసి బిగించాను. లక్ష్మమ్మ లోపలినుంచి చాయ్ అని కేకేసింది. పోయి తాగాం.

జహంగీర్ ఉస్తాద్ ఈత బరిగెలాగా ఉండేవాడు. ఆయన రెండు వేళ్ళు కలిపితే అంగుళం. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశపు వెన్న, చీజు తిన్నవి నా వేళ్ళు. పైగా ఆ కాలపు బుల్లెట్టుకు చక్రానికీ కింది బిగింపుకూ మధ్య పిల్లి పడుకునేంత ఖాళీ ఉండేది. ఈ బండికి అది లేదు. ఉస్తాద్ కొలత తెచ్చుకున్నాను గానీ ఉస్తాద్ వేళ్ళు తెచ్చుకోలేదు, ఆయన బండ్లు తెచ్చుకోలేదు. నేనేమీ చదువుకోని వాణ్ణి కూడా కాదు. భువనగిరిలో బి.ఎస్సీ ఫిజిక్సు చదివాను. కోణాలు తెలుసు.

మూడో శనివారం వాడు కొండ అవతలివైపు దిగుతూ ఒక మలుపు ముందు బ్రేకు వేశాడు. అక్కడ రోడ్డు కొంచెం కుంగి ఉంది. బండి ముందు భాగం పూర్తిగా కిందికి దిగింది. హ్యాండిల్ ఒక్కసారి గుంజింది. ఎడమ భుజం మీద పడ్డాడు. మెడ నుంచి చేతికి పోయే నరాలు తెగాయి. చేయి ఉంది. రంగు మారలేదు, గోళ్ళు పెరుగుతాయి, వెచ్చగానే ఉంటుంది. దానికి ఏదీ తెలియదు.

మంగళవారం టో ట్రక్కువాడు బండి తెచ్చి మా షెడ్డు ముందు దించాడు. నేను ముందు మడ్‌గార్డు చూశాను. తర్వాత కింది బిగింపుకున్న రెండు బోల్టులు చూశాను. ఇంకేం చూడనక్కర్లేకపోయింది. పోయి టార్పాలిన్ కొనుక్కొచ్చాను.

ఆసుపత్రిలో వాడు మొదటి రెండు రోజులూ ఒకటే మాట అన్నాడు. “నేను స్పీడ్‌ల లేను. హ్యాండిల్ దానంతటదే గుంజింది.” ఎవరూ నమ్మలేదు. రుచిత నమ్మలేదు. ఊరి నుంచి వీడియో కాల్‌లో వాళ్ళమ్మ, “ఉప్పల్ల గూడ గిట్లనే ఉరికిచ్చేటోడు,” అని ఏడ్చింది. మూడో రోజు నుంచి వాడు ఆ మాట అనడం మానేశాడు.

మా ఊళ్ళో అయితే బండి పడిన పావుగంటకు యాభైమంది చేరి, తప్పెవరిదో తేల్చేదాకా వదలరు. గొంతులు లేస్తాయి, చొక్కాలు చిరుగుతాయి, ఎవడో ఒకడు ఒప్పుకుంటాడు. ఇక్కడ అట్లా కాదు. ఏసీసీ అని ప్రమాదాల బీమాకు సర్కారు సంస్థ ఉంది, వాళ్ళే వైద్యం చూసుకుంటారు, జీతంలో చాలా భాగం ఇస్తారు. ఎట్లా జరిగిందని అడుగుతారు. ఎవరివల్ల జరిగిందని అడగరు. పద్ధతి మంచిదే. ఐదు నెలల్లో నన్ను ఒక్కరూ ఏమీ అడగలేదు.

కొత్త మడ్‌గార్డు నవంబరులోనే తెప్పించాను. అట్టపెట్టె విప్పకుండా పై అరలో పెట్టాను.

ఇప్పుడు అది దించాను. పదకొండుకు ఇంకా రెండు గంటలుంది. గొట్టాలు కిందికి జరిపి మామూలు ఎత్తులో బిగించడానికి పది నిమిషాలు. మడ్‌గార్డు మార్చడానికి ఇంకో పది. పాతది చెత్తబుట్టలో వేస్తే సోమవారం లారీ వచ్చి తీసుకుపోతుంది. స్పానర్ తీసి పై బోల్టుకు పెట్టాను.

అప్పుడే సుశీల్ వచ్చాడు. చెప్పకుండా రావడం అతడికి అలవాటు. ఫిజీ మనిషి. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి పోయాడట. ఆజీ, అంటే నాయనమ్మ, దగ్గర నేర్చుకున్న తెలుగు అతడిది. అందులో ‘మీరు’ అనేది లేదు. దేవుడికైనా, పోలీసుకైనా నువ్వే. మోటార్‌సైకిళ్ళ ఫోర్కుల పనిలో ఈ హట్ లోయలో అతణ్ణి మించినవాళ్ళు లేరు.

“విద్యా భాయ్, నా మరదలు ఎక్కే బండి. నేను చూడకుండా ఇవ్వను. నువ్వు మంచివాడివే, కానీ నా పెళ్ళాం నీకన్నా గట్టిది,” అంటూ లోపలికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. హ్యాండిల్ దగ్గర ఆగాడు.

“ఇది ఎవడు చేసినాడు?”

“నేనే.”

“గొట్టాలు ఇట్లా తల ఎత్తుకున్నాయి, కొబ్బరి మొలక లెక్క.” జేబులోంచి స్కేలు తీసి పెట్టాడు. “నలభై ఒకటి. అరే బాబా. ఏ పుస్తకంలో చూసినావు?”

“వేళ్ళతో చూసిన.”

అతడు నా వేళ్ళవైపు చూశాడు. తర్వాత మడ్‌గార్డు చూశాడు. వంగి బొటనవేలు ఆ గుంటల్లో పెట్టి తిప్పాడు. ఇంక హాస్యం మానేశాడు.

“జాకీ ఉందా?”

ఉంది. ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తాం. గొట్టాలు వంగలేదని స్టీలు బద్ద ఆనించి చూశాడు. గొట్టాల పై మూతలు విప్పి లోపలి స్ప్రింగులు బయటికి లాగాం. నూనె చేతులకు అంటుకుంది. ఇదంతా నాకు తెలిసిన పనే. గొట్టాలు కదిపినవాడు ముందుగా చేయవలసింది ఇదే. స్ప్రింగులు తీసేసి, బండిని పూర్తిగా కిందికి కూర్చోబెట్టి, ఏది దేనికి తగులుతుందో కంటితో చూడాలి. అరగంట పడుతుంది. ఆ రోజు ఆ అరగంటే చాయ్ తాగాం.

సుశీల్ జాకీ మెల్లగా దించాడు. బండి ముందు భాగం గొర్రె మోకాళ్ళు వంచినట్టు కిందికి కూర్చుంది. కూర్చుని ఆగిపోయింది. ఇంకా దిగవలసింది, దిగలేదు. కింది బిగింపు బోల్టులు రెండూ మడ్‌గార్డు మీది రెండు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి.

సుశీల్ జాకీ పిడి వదిలాడు.

“నువ్వు ఇది ముందే చూసినావు,” అన్నాడు.

“ఆఁ.”

“అబ్బాయికి చెప్పినావా?”

“లేదు.”

అరలోంచి దించిన కొత్త మడ్‌గార్డు పెట్టె వైపు చూశాడు. దాని మీది తేదీ చదివాడు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“నేను ఎవరికీ చెప్పను. నాకెందుకు? బండి బాగుచెయ్యి, నా మరదలు తీసుకుంటాది. కానీ ఆ జాకీ నేను దించినాను, నేను ఎత్తను. అది నువ్వే ఎత్తు.” తలుపు దాకా పోయి, “బేకరీ నుంచి పై తెస్తాను, తిందాం. నీకు చికెనా, కూరగాయలా?” అన్నాడు.

“ఏదైనా.”

అతడి కారు పోయింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. జాకీ పిడి నా కాలి పక్కనే ఉంది. టైము పది ముప్పావు. నాలుగుసార్లు పిడి కొడితే బండి లేస్తుంది, గుంటలు విడిపోతాయి. చెప్పాలని నిశ్చయించుకుని నేను దాన్ని ముట్టుకోలేదంటే అబద్ధం. ధైర్యం ఏమీ రాలేదు. భయం కూడా లేదు. చేయి కదల్లేదు, అంతే.

వాళ్ళ కారు వచ్చి ఆగింది. జశ్వంత్ తలుపు తోసుకుని దిగబోయాడు.

“మెల్లగ దిగు. గుట్ట దిగుతలేవు,” అంది రుచిత.

ఇది ఐదు నెలలుగా ఆమె మాట. వాడు నీళ్ళు తాగబోతే, “మెల్లగ తాగు, గుట్ట దిగుతలేవు.” మెట్లెక్కబోతే, “మెల్లగ. గుట్ట కాదిది.” మొదట్లో కోపంగా అనేది. ఇప్పుడు కోపం లేదు. దగ్గినట్టు వస్తుంది. వాడూ వినడు.

లక్ష్మమ్మ పనికి పోయింది, వృద్ధాశ్రమం వంటింట్లో శనివారాలు ఆమెకు డ్యూటీ. నేనే చాయ్ పెట్టి స్టీలు గ్లాసుల్లో తెచ్చాను. జశ్వంత్ స్టూలు మీద కూర్చుని, ఒక గుక్క తాగి, గ్లాసును ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచేయి అక్కడే ఉంది. గ్లాసు దానికి ఆనుకుని ఉంది. మేం కాయితాల సంగతి మాట్లాడుతున్నాం. రుచిత లేచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. చేతి వెనక ఎర్రగా కమిలి ఉంది.

“కాలింది,” అంది. వాడితో కాదు, నాతో.

జశ్వంత్ చేయివైపు చూశాడు. పక్కింటివాళ్ళ చేయిని చూసినట్టు చూశాడు. “ఏం కాదు,” అన్నాడు. తర్వాత బండివైపు తిరిగాడు. “గిట్ల కూర్చుందేంది చిన్నాయనా?”

“స్ప్రింగులు తీసినం.”

“ఎందుకు?”

“దగ్గరికి రా. మడ్‌గార్డు చూడు.”

వాడు లేచి వచ్చి వంగాడు. రుచిత తలుపు దగ్గరే నిలబడింది.

“బోల్టులు తగిలినయి,” అన్నాడు వాడు.

“ఆఁ. నువ్వు బ్రేకు కొట్టినప్పుడు బండి పూర్తిగా దిగింది. రోడ్డు కుంగిన కాడ ఇంక జాగ లేక చక్రం పైకొచ్చి బిగింపుకు కొట్టింది. హ్యాండిల్ గుంజింది. గొట్టాలు నేను నలభై ఒక్క మిల్లీమీటర్లు పైకి లేపిన. అంత లేపొద్దు. లేపినంక గిట్ల దించి చూడాలె. చూడలే.”

నేను చెప్పింది నాకే సర్వీసు మాన్యువల్ చదివినట్టు వినిపించింది. వాడు మడ్‌గార్డు మీద కుడిచేయి పెట్టాడు. నేను వాడు తిడతాడని చూశాను. మా ఊరివాడు కదా.

“స్కేలు తెచ్చిన నేను,” అన్నాడు.

“తెచ్చినవ్.”

“జేబుల పెట్టమన్నవ్.”

“అన్న.”

రుచిత తలుపు దగ్గరనుంచే అడిగింది. “మీకెప్పుడు తెలిసింది మామయ్యా?”

“బండి వచ్చిన్నాడే. మంగళవారం.”

“ఏసీసీ ఫారం శుక్రవారం నింపినం. మీరు నా పక్కకే కూర్చున్నరు.”

“ఉన్న.”

“కంట్రోల్ తప్పిందని రాయాల్నా, స్పీడ్ ఎక్కువైందని రాయాల్నా అని మిమ్మల్నే అడిగిన.”

“రెండూ రాయమన్న.”

ఆమె తల ఊపింది. బస్సు టైము చెప్తే విన్నట్టు విన్నది. అరిస్తే బాగుండునని నేను అనుకున్నానని రాయడానికి కూడా లేదు. ఏమీ అనుకోలేదు. ఇంజన్ నూనె వాసన, చల్లారిన చాయ్ మీద మీగడ, ఇవే గుర్తున్నాయి.

జశ్వంత్ ఆమెవైపు తిరిగాడు. “నలభై అయిదుల ఉన్న. అంతకు మించి లేను.”

“చెప్పినవ్,” అంది రుచిత.

“చెప్పిన.”

“ఆఁ. చెప్పినవ్.”

వాడు మళ్ళీ బండివైపు వచ్చాడు. బిగింపు పైన గొట్టం కొనలు పైకి పొడుచుకుని ఉన్నాయి. కుడిచేత్తో ఎడమచేయి మణికట్టు పట్టి ఎత్తాడు. బరువైన దాన్ని ఎత్తినట్టు ఎత్తి, దాని రెండు వేళ్ళను తిప్పి గొట్టం పక్కన పెట్టాడు.

“నా వేళ్ళతోని చూస్తే ఎంతయితుండె?”

సుశీల్ స్కేలు బల్ల మీద ఉంది. తీసి పెట్టాను. “ముప్పై.”

“అప్పుడు తగులకపోతుండెనా?”

లెక్క వేశాను. చేయవలసినప్పుడు చేయని లెక్క అది, ఇప్పుడు నోటితో అయిపోయింది. “తగులకపోతుండె కావచ్చు. హ్యాండిల్ మాత్రం ఊగుతుండె. అదీ తప్పే.”

“ఇప్పుడు నా వేళ్ళు గొట్టానికి ఆనినయా చిన్నాయనా? నాకు తెలుస్తలేదు.”

“ఆనినయి.”

చేయిని తీసి జాకెట్ జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి, కాయితాలు బల్ల మీద పెట్టాడు. “ఆమెకు ఇచ్చే ముందట మొత్తం చూడు. స్కేలుతోని.”

“చూస్త.”

“ఫారం మళ్ళ రాయాల్నా?” అని రుచిత ఎవరినీ చూడకుండా అడిగింది.

“రాద్దాం. నేను రాసిస్త నా పేరుతోని.”

“సోమవారం ఫోన్ చేసి కనుక్కుంట.” ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. “రేపు మేము రాము మామయ్యా. ఎందుకో చిన్నత్తమ్మకు మీరే చెప్పుర్రి.”

“చెప్త.”

వాళ్ళు నడిచిపోయారు. మా వాకిలి ఏటవాలుగా ఉంటుంది. పొద్దున కురిసిన తడి ఇంకా ఆరలేదు. జశ్వంత్ గబగబా దిగాడు. సగంలో కాలు జారి, పోస్టు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. కారు తలుపు లాగి, కూర్చుని, గట్టిగా వేసుకున్నాడు. నేను ఆ మాట కోసం చూశాను. రుచిత నోరు కొంచెం తెరిచింది. వాడివైపు చూసింది. మూసుకుంది. అద్దం సరిచేసుకుని కారు వెనక్కి తీసింది.

సుశీల్ లోపల కూర పెట్టి కాల్చిన పైలు రెండు కాయితం సంచిలో పట్టుకుని వచ్చేసరికి నేను జాకీ ఎత్తి స్ప్రింగులు లోపల వేస్తున్నాను.

“వచ్చినారా?”

“వచ్చి పోయిన్రు.”

“ఏమన్నారు?”

“ఏమనలే.”

అతడు ఒక పై నా పక్కన పెట్టి, రెండోది తింటూ చూస్తూ నిలబడ్డాడు. గొట్టాలు బిగింపులో కిందికి జరిపాను. స్కేలు పెట్టి కుడివైపు చూశాను, కంపెనీ చెప్పిన ఐదు మిల్లీమీటర్లు. ఎడమవైపు చూశాను, ఐదు. స్పానర్ అందుకున్నాను.

“బిగించే ముందు మళ్ళీ ఒకసారి చూడు,” అన్నాడు సుశీల్ నోట్లో ముద్దతో.

స్కేలు మళ్ళీ పెట్టాను. రెండువైపులా ఐదే. పాత మడ్‌గార్డు విప్పాను. అది సోమవారం లారీకి వేయలేదు, ఫారంతో పాటు పంపాలి. అట్టపెట్టె చింపి కొత్తది బయటికి తీశాను.

“తిను, చల్లారిపోతాది,” అన్నాడు.

తిన్నాను. కూరగాయలదో చికెన్‌దో చూడలేదు.